ఖైరతాబాద్ బాల్కనీలో కొండచలి

నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజాలో నర్సరీ మేళా పెట్టినప్పుడు జనం గులాబీల దగ్గర బేరమాడతారు, మామిడి అంట్ల దగ్గర వివరాలు అడుగుతారు. ఆర్కిడ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మాట మానేసి నిలబడిపోతారు. ఆ పూల తీరు అలాంటిది. అక్కడికి కూతవేటు దూరంలోని ఖైరతాబాద్ అపార్టుమెంటుకు తెచ్చిన కుండీ రెండు నెలల పైనే పూలతో కళకళలాడుతుంది. చిక్కు మొదలయ్యేది ఆ పూలు రాలాకే. ఆకులు నిగనిగలాడుతూనే ఉంటాయి, పక్కన కొత్త పిలక కూడా లేస్తుంది. ఏడాది తిరుగుతుంది, రెండేళ్లు తిరుగుతాయి, పూల కాడ మాత్రం రాదు. ఎరువు మార్చి చూస్తారు, కుండీ మార్చి చూస్తారు, మొక్కను దక్షిణం నుంచి తూర్పుకు జరిపి చూస్తారు.

కొన్ని రకాలు అంతవరకు కూడా రావు. మే నెల ఉక్కకు ఆకులు కొసల నుంచి నల్లబడి, ఒక్కొక్కటే ఊడిపోయి, తొలకరి నాటికి కుండీలో బెరడు ముక్కలే మిగులుతాయి. ‘‘నీడలోనే పెట్టాం, రోజూ నీళ్లు పోశాం, ఎండ పొడ తగలనివ్వలేదు’’ అంటారు పెంచినవాళ్లు. వాళ్లు చెప్పేది అక్షరాలా నిజం. పగటి ఎండ నుంచి మొక్కను వాళ్లు బాగానే కాపాడారు. దాన్ని దెబ్బతీసింది రాత్రి.

ఉష్ణమండలంలో ఉండే చలి

ఆర్కిడ్ అనగానే దట్టమైన అడవి, ఉక్కపోత, ఎడతెగని వాన గుర్తొస్తాయి. ప్రపంచంలో పాతిక వేలకు పైగా ఉన్న ఆర్కిడ్ జాతుల్లో ఎక్కువ భాగం ఉష్ణమండలానివే. అయితే ఉష్ణమండలం అన్న మాట అక్షాంశాన్ని చెబుతుందే తప్ప ఎత్తును చెప్పదు. సముద్రమట్టం నుంచి పైకి పోయేకొద్దీ ప్రతి కిలోమీటరుకూ ఉష్ణోగ్రత సుమారు ఆరారున్నర డిగ్రీలు తగ్గుతుంది. విశాఖపట్నంలో చెమటలు కారుతూ రైలెక్కినవాళ్లు అరకులో దిగగానే శాలువా వెతుక్కునేది అందుకే. మధ్యలో అక్షాంశం పెద్దగా మారలేదు, ఎత్తు మారింది.

భూమధ్యరేఖ మీదే ఉన్న ఈక్వడార్‌లోనూ, దాని పక్కనున్న కొలంబియాలోనూ ఆండీస్ కొండల వాలుల మీద రెండు వేల మీటర్ల ఎత్తు దాకా, ఆపైన కూడా మేఘాలు చెట్లను రాసుకుంటూ పోయే అడవులున్నాయి. మాస్‌దెవాలియా, డ్రాకులా, ఒడొంటోగ్లోసమ్ వంటి ఆర్కిడ్లు అక్కడివి. అక్కడ పగలు ఇరవై డిగ్రీల చుట్టూ ఉంటుంది, రాత్రి పది పన్నెండుకు దిగుతుంది. ఈ లెక్క ఏడాది పొడవునా పెద్దగా మారదు. మన వైపు చూస్తే పెద్ద పూల సింబిడియం సంకరజాతుల పూర్వీకులు హిమాలయాల నుంచి, మయన్మార్, వియత్నాం కొండల నుంచి వచ్చాయి. కలింపాంగ్, సిక్కిం నర్సరీల్లో పెరిగి దేశమంతటికీ చేరే సింబిడియంలకు రాత్రి చలి పుట్టుకతోనే అలవాటు.

పెళ్లి వేదికల మీద గుత్తులుగా కనిపించే ఊదారంగు డెండ్రోబియంల సంగతి వేరు. అబిడ్స్ పక్కన జాంబాగ్‌లో పూల మార్కెట్ ఉన్న రోజుల నుంచి, అది గుడిమల్కాపూర్‌కు తరలిపోయిన ఈ రోజుల దాకా హైదరాబాద్ ఎక్కువగా చూసిన ఆర్కిడ్ పూలు అవే. వాటి మూలాలు ఆసియా, ఆస్ట్రేలియాల వేడి పల్లపు ప్రాంతాల్లో ఉన్నాయి. వాటిని చూసి ఆర్కిడ్లన్నీ ఇలాగే ఉంటాయనుకుంటే తప్పులో కాలేసినట్టే.

[బాక్స్] చలి రకం, నడిమి రకం, వేడి రకం
పెంపకందారులు ఆర్కిడ్లను మూడు వర్గాలు చేస్తారు. ఈ విభజనకు కొలబద్ద పగటి ఉష్ణోగ్రత కాదు, చలికాలపు రాత్రి ఉష్ణోగ్రత. రాత్రి 10 నుంచి 13 డిగ్రీలు కోరేవి చలి రకాలు: మాస్‌దెవాలియా, ఒడొంటోగ్లోసమ్, పెద్ద పూల సింబిడియం, తెల్లని సీలోజిన్ క్రిస్టాటా. 13 నుంచి 16 డిగ్రీలు కోరేవి నడిమి రకాలు: చాలావరకు కాట్లియాలు, ఆన్సీడియంలు. 16 నుంచి 18, ఆపైన ఉండాల్సినవి వేడి రకాలు: ఫలెనాప్సిస్, వాండాలు, పెళ్లి పందిళ్ల డెండ్రోబియంలు. చలి రకాలకు పగలు 27 డిగ్రీలు దాటకపోతే మంచిది. కొద్ది రోజులు దాటినా తట్టుకుంటాయి, రాత్రి చల్లబడితే.

ఇంగ్లండ్‌లో ఉడికిపోయిన మొక్కలు

చలి దేశమైన ఇంగ్లండే ఒకప్పుడు చలి ఆర్కిడ్లను వేడితో చంపింది. 1830లో జాన్ లిండ్లే అనే వృక్షశాస్త్రవేత్త లండన్ ఉద్యాన సంఘానికి ఇచ్చిన వ్యాసంలో ఆర్కిడ్లకు గట్టి వేడి, గాలి నిండా తేమ, చిక్కటి నీడ కావాలని చెప్పాడు. ఆయన మాట అంటే తోటమాలులకు వేదం. బొగ్గు పొయ్యిలతో వేడెక్కించిన గాజు గదుల్లో, కిటికీలు బిగించి, ఆవిరి నింపి మొక్కల్ని పెట్టారు. కొండల మీద నుంచి ఓడల్లో వచ్చిన మొక్కలు వేల సంఖ్యలో ఆ గదుల్లోనే కుళ్లిపోయాయి.

1835లో డెవన్‌షైర్ ప్రభువు జాన్ గిబ్సన్ అనే యువ తోటమాలిని మన దేశానికి పంపాడు. ఖాసీ కొండల్లో తిరిగి 1837లో అతడు తీసుకెళ్లిన ఆర్కిడ్లు ఆ ప్రభువు చాట్స్‌వర్త్ తోటలో ప్రధాన తోటమాలి జోసెఫ్ పాక్స్‌టన్ చేతికి చేరాయి. పాక్స్‌టన్ కిటికీలు తెరిచాడు. ఒక్కో ప్రాంతపు మొక్కలకు ఒక్కో ఉష్ణోగ్రత ఉన్న గది కేటాయించాడు. 1860లలో ఆర్కిడ్ పెంపకందారు జేమ్స్ బేట్‌మన్ మరో అడుగు ముందుకేసి, కొండ ఆర్కిడ్లకు అసలు వేడి గదులే వద్దని వాదించి, ఒడొంటోగ్లోసంలను చల్లటి గదుల్లో పెంచే పద్ధతికి ప్రచారం తెచ్చాడు. మొక్క ఏ అక్షాంశం నుంచి వచ్చిందో తెలిస్తే చాలదు, ఎంత ఎత్తు నుంచి వచ్చిందో అడగాలన్న ఎరుక కలగడానికి వాళ్లకు ముప్ఫై ఏళ్లకు పైగా పట్టింది.

పగటి సంపాదన, రాత్రి ఖర్చు

వేడి రాత్రి మొక్కను ఎలా చంపుతుందో అర్థం చేసుకోవడానికి దాన్ని పగలు సంపాదించి రాత్రీ పగలూ ఖర్చు పెట్టే ఇల్లుగా ఊహించుకోవచ్చు. సంపాదన అంటే కిరణజన్య సంయోగక్రియ. వెలుగున్నప్పుడు మాత్రమే ఆకు చక్కెర తయారు చేస్తుంది. ఖర్చు అంటే శ్వాసక్రియ. బతికున్న ప్రతి కణమూ ఇరవై నాలుగు గంటలూ చక్కెరను కాల్చుకుని శక్తి పొందుతూనే ఉండాలి. రోజు చివర మిగిలిందే కొత్త ఆకు, కొత్త వేరు, కొత్త పువ్వు.

ఖర్చు ఉష్ణోగ్రతను బట్టి పెరుగుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే శ్వాసక్రియ వేగం దాదాపు రెట్టింపవుతుంది. 15 డిగ్రీల రాత్రికి అలవాటైన మొక్కను 27 డిగ్రీల మే నెల రాత్రిలో పెడితే, చీకటి పడ్డప్పటి నుంచి తెల్లారేదాకా అది రెట్టింపు కంటే ఎక్కువ చక్కెర కాల్చేస్తుంది. సంపాదన మాత్రం పెరగదు. పెరగకపోగా తగ్గుతుంది, ఎందుకంటే పగటి వేడికి పల్చటి ఆకుల మొక్కలు నీరు పోకుండా పత్రరంధ్రాలు మూసుకుంటాయి. రంధ్రాలు మూస్తే బొగ్గుపులుసు వాయువు లోపలికి రాదు, చక్కెర తయారవదు. మొదట నిల్వలు కరుగుతాయి, ఆ తర్వాత పాత ఆకులు రాలుతాయి, చివరికి వేర్లు నశిస్తాయి. కుళ్లు తెగులు వచ్చి మొక్క పోయిందని అనుకుంటారు గానీ, తెగులు వచ్చేసరికే అది తిండి లేక నీరసించి ఉంటుంది. మందు కొట్టినా లాభం లేకపోవడం అందుకే.

సింబిడియానికి ఉబ్బిన కాండాల్లో నిల్వ ఉంటుంది కాబట్టి కొన్నేళ్లు నెట్టుకొస్తుంది. మాస్‌దెవాలియాకు అలాంటి కాండాలు లేవు. అందుకే ఒక్క వేసవికే చేతులెత్తేస్తుంది.

వేడి రకాలకు ఇంకో ఉపాయం ఉంది. ఫలెనాప్సిస్, వాండాల వంటి దళసరి ఆకుల మొక్కలు పగలంతా పత్రరంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుస్తాయి. లోపలికి వచ్చిన బొగ్గుపులుసు వాయువును ఆమ్లంగా మార్చి దాచుకుని, తెల్లారాక వెలుగులో దాంతో చక్కెర చేసుకుంటాయి. చెట్టు కొమ్మ మీద, మట్టి ఆసరా లేకుండా, ఎండుగాలిలో బతకడానికి ఏర్పడిన పద్ధతి ఇది. వీటికీ రాత్రి కొంత చల్లబడాలి. కానీ ఆ చల్లదనం చలి రకాలు కోరేంత ఉండనక్కర్లేదు.

పూల కాడకు పిలుపు

బతకడం ఒక ఎత్తు, పూయడం ఒక ఎత్తు. ఫలెనాప్సిస్‌ను 28 డిగ్రీలు దాటిన వేడిలో అదేపనిగా ఉంచితే ఆకులు వేస్తూనే ఉంటుంది, కాడ వేయదు. కొన్ని వారాల పాటు అంతకంటే చల్లగా ఉంటేనే ఆకు మొదట్లో నిద్రాణంగా ఉన్న మొగ్గ కదులుతుంది. హైదరాబాద్‌లో ఇది తేలిక. నవంబరు నుంచి జనవరి వరకు పగలు 28, 29 డిగ్రీల దగ్గర ఆగి, రాత్రి పదిహేను దరిదాపులకు దిగుతుంది. నాంపల్లి నుమాయిష్‌కు స్వెటర్లు వేసుకుని వెళ్లే రోజుల్లో నీడ ఉన్న బాల్కనీలోని ఫలెనాప్సిస్‌లో, ఆకు కింద నుంచి పచ్చటి కొస ఒకటి బయటికి వస్తుంది. వేరు కొస గుండ్రంగా, నునుపుగా ఉంటుంది. పూల కాడ కొస కాస్త చదునుగా, పొలుసు కప్పుకుని, పైకి వంగి ఉంటుంది. ఏడాది పొడవునా హాలులో సోఫా పక్కన ఉంచిన కుండీకి ఈ చల్లదనం అందదు, దానికి ఈ కొస రాదు. ఉష్ణోగ్రత పన్నెండు డిగ్రీల కన్నా దిగే రాత్రులు మాత్రం దాన్ని లోపలికి తెచ్చుకోవాలి.

సింబిడియం లెక్క కఠినం. దాని పూల మొగ్గ రూపుదిద్దుకునేది వానాకాలం ముగిసే వేళ, కొత్త కాండం ముదురుతున్నప్పుడు. అప్పుడు వరసగా కొన్ని వారాల పాటు రాత్రులు 10 నుంచి 14 డిగ్రీలకు దిగాలి, పగటికీ రాత్రికీ పది డిగ్రీల తేడా ఉండాలి. కొండల్లో సెప్టెంబరు, అక్టోబరు నెలలకే ఆ చల్లదనం వస్తుంది. హైదరాబాద్‌లో సెప్టెంబరు రాత్రులు ఇంకా 22 డిగ్రీల దగ్గరే ఉంటాయి. అసలైన చలి వచ్చేది డిసెంబరులో. ఆలస్యంగా మొదలైన మొగ్గ పెరిగి విచ్చుకోబోయే వేళకు మార్చి ఎండలు 35 దాటేస్తాయి, మొగ్గలు పసుపు రంగుకు తిరిగి రాలిపోతాయి. చలి లేక కాదు, తప్పు నెలలో వచ్చినందుకే ఇక్కడ సింబిడియం పూయడం ఇంత కష్టం.

నగరం రాత్రిని ఎలా వేడెక్కిస్తుంది

హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది, బెంగళూరు 900 మీటర్లు దాటింది. మే నెలలో బెంగళూరు రాత్రులు సగటున 21, 22 డిగ్రీలకు దిగితే ఇక్కడ 26 దగ్గరే ఆగిపోతాయి. బెంగళూరులో ఆర్కిడ్ పెంపకందారులు అంతమంది ఉండడానికి ఈ నాలుగైదు డిగ్రీల తేడా ఒక పెద్ద కారణం.

పైగా నగరం నడిబొడ్డు వేరు, శివారు వేరు. పగలంతా ఎండ తాగిన స్లాబు, తారు రోడ్డు, పక్క భవనం గోడ ఆ వేడిని రాత్రంతా వదులుతూనే ఉంటాయి. ఖైరతాబాద్, అబిడ్స్ సందుల్లో ఏసీల వెనక భాగాలు బయటికి కొట్టే వేడిగాలి దీనికి తోడు. పడమటి గోడను ఆనుకుని పెట్టిన ఆర్కిడ్ సాయంత్రం ఏడు గంటలకు కూడా ఎండలో ఉన్నట్టే. అరచెయ్యి గోడకు ఆనించి చూస్తే చాలు, తెలిసిపోతుంది. మొక్కను అక్కడి నుంచి తూర్పు వైపు బాల్కనీకి మార్చి, గోడకు రెండు మూడు అడుగుల ఎడంగా వేలాడదీయడం పైసా ఖర్చు లేని మొదటి వైద్యం.

రంజన్ చేసే పని

మట్టి రంజన్‌లో నీళ్లు చల్లగా ఉండడానికి, కిటికీకి కట్టిన వట్టివేళ్ల తడికల నుంచి చల్లగాలి రావడానికి, కూలర్ పని చేయడానికి కారణం ఒక్కటే. నీరు ఆవిరవడానికి వేడి కావాలి. ఆ వేడిని అది చుట్టూ ఉన్న గాలి నుంచి, మట్టి నుంచి లాక్కుంటుంది. గాలి ఎంత పొడిగా ఉంటే ఆవిరయ్యేది అంత ఎక్కువ, చల్లబడేది అంత ఎక్కువ. చేవెళ్ల, మొయినాబాద్ వైపు జెర్బెరాలు పెంచే పాలీహౌస్‌లలో ఒక గోడకు తడి అట్టల ప్యాడ్లు, ఎదుటి గోడకు పెద్ద ఫ్యాన్లు అమర్చేదీ ఈ సూత్రం మీదే.

[బాక్స్] కూలర్ ఎప్పుడు ఎంత చల్లబరుస్తుంది?
మే మధ్యాహ్నం 40 డిగ్రీల వేడి, గాలిలో తేమ 25 శాతం అనుకుందాం. మంచి ప్యాడ్లున్న కూలర్ ఆ గాలిని 27, 28 డిగ్రీలకు తేగలదు. అంటే పన్నెండు డిగ్రీల లాభం. మే రాత్రి 27 డిగ్రీలు, తేమ 55 శాతం ఉంటే అదే కూలర్ 22 దాకా దించుతుంది. జులైలో 31 డిగ్రీలు, తేమ 75 శాతం ఉన్నప్పుడు మాత్రం మూడు డిగ్రీలకు మించి దించలేదు. విజయవాడలో కూలర్ ఉక్కపోత పెంచినట్టు అనిపించడానికీ ఇదే కారణం.

ఈ లెక్కలు చూస్తే రెండు సంగతులు తేలతాయి. ఒకటి: నడిమి రకాలను హైదరాబాద్‌లో కూలర్ సాయంతో వేసవి దాటించవచ్చు, అయితే కూలర్‌ను పగలే కాదు, రాత్రి కూడా నడపాలి. రెండు: ఆండీస్ మేఘాల ఆర్కిడ్లకు కావలసిన 12 డిగ్రీలు నీటి ఆవిరితో ఎన్నటికీ రావు. వాటికి యంత్రంతో చల్లబరిచిన గాజు బీరువానే దారి. లోపల చిన్న ఫ్యాన్, ఎల్ఈడీ దీపాలు, తేమ చల్లే యంత్రం పెట్టి, రాత్రికి ఉష్ణోగ్రత దించేలా టైమర్ అమర్చుకుని పెంచేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. మొక్కలు చిన్నవి కాబట్టి ఒక బీరువాలో పదుల కొద్దీ పడతాయి. మామూలు ఏసీ గది దీనికి బదులు కాదు. ఏసీ చల్లదనం ఇస్తూ తేమను పిండేస్తుంది. ఈ మొక్కలకు రెండూ కావాలి.

సాయంత్రం పూట ఆకుల మీద సన్నగా నీళ్లు చల్లి ఫ్యాన్ పెట్టడం కూడా రాత్రి వేడిని కాస్త తగ్గిస్తుంది. మార్చి నుంచి జూన్ తొలి వానల దాకా ఇది మంచి అలవాటు. వానాకాలంలో ఇదే పని చేస్తే ఆకు మొవ్వులో నీరు నిలిచి మొక్క కుళ్లుతుంది.

గాజు ఇంటి విషయంలో ఒక అపోహ

గాజు లేదా ప్లాస్టిక్ ఇల్లు ఎండను లోపలికి రానిచ్చి, వేడి కిరణాలను బయటికి పోనివ్వదు కాబట్టే వేడెక్కుతుందని చాలామంది చదివి ఉంటారు. 1909లో అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త ఆర్. డబ్ల్యు. వుడ్ రెండు పెట్టెలతో దీన్ని పరీక్షించాడు. ఒకదానికి గాజు మూత, రెండోదానికి వేడి కిరణాలు నేరుగా దాటిపోగల రాతి ఉప్పు పలక పెట్టి ఎండలో ఉంచితే, రెండూ దాదాపు ఒకేలా వేడెక్కాయి. అసలు కారణం వేడెక్కిన గాలి పైకి లేచి తప్పించుకోలేకపోవడం.

ఇది డాబా మీద గ్రీన్‌హౌస్ కట్టుకునేవాళ్లకు చాలా ముఖ్యం. నాలుగు వైపులా ప్లాస్టిక్ షీటు బిగించిన గది హైదరాబాద్ ఎండలో ఆర్కిడ్లను గంటల్లో చంపగలదు. కావలసింది పైకప్పు కొసన గాలి పోయే దారి, కింద గాలి వచ్చే దారి, పైన కాస్త ఎత్తులో సగం నుంచి మూడొంతుల దాకా ఎండను ఆపే షేడ్ నెట్. నెట్ పైకప్పును ఆనుకుని కాక జానెడు పైన ఉంటే అది పీల్చుకున్న వేడి గాలికే పోతుంది. కింద స్లాబును తడిపి ఉంచితే రాత్రికి అది వదిలే వేడీ తగ్గుతుంది. ప్లాస్టిక్ అవసరం వానాకాలంలోనే, అదీ కుండపోత నుంచి మొక్కలను కాపాడేంత వరకే.

వేరు రంగు, నీటి రుచి

చెట్ల మీద పెరిగే ఆర్కిడ్ వేరును దగ్గరగా చూస్తే వెండి రంగులో, సున్నం పూసినట్టు కనిపిస్తుంది. దాని మీద నాలుగు చుక్కలు వేయండి. చూస్తుండగానే ఆ చోట ఆకుపచ్చగా మారుతుంది. పై పొరలోని కణాలు చచ్చి బోలుగా ఉంటాయి. వాటిలో గాలి ఉన్నంతసేపు వెలుగు చెదిరి తెల్లగా కనిపిస్తుంది, నీరు నిండగానే లోపలి పచ్చదనం బయటపడుతుంది. నీళ్లు ఎప్పుడు పోయాలో చెప్పే కొలత ఇంతకంటే నమ్మకమైనది లేదు: వేరు తెల్లబడిన తర్వాతే.

ఏ నీళ్లు పోయాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. మేఘాల అడవిలో వేరుకు అందేది దాదాపు లవణాలు లేని నీరు. నగరంలో చాలాచోట్ల బోరు నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటతాయి. ఆ ఉప్పు బెరడు ముక్కల మీద తెల్లగా పేరుకుని వేరు కొసలను కాల్చేస్తుంది. ఇంట్లో ఆర్వో యంత్రం వదిలే నీళ్లను వృథా చేయకూడదని మొక్కలకు పోసేవాళ్లు ఎక్కువయ్యారు. మందారానికి సరేనేమో గానీ ఆర్కిడ్‌కు అది హాని, ఎందుకంటే తాగే నీళ్ల నుంచి తీసేసిన ఉప్పంతా ఆ నీళ్లలోనే ఉంటుంది. పట్టి ఉంచుకున్న వాన నీరు అన్నిటికన్నా మంచిది. అది అయిపోతే ఆర్వో మంచినీళ్లే పోయాలి.

కుండీల్లో మట్టి కుండీదే పైచేయి. చుట్టూ రంధ్రాలున్న మట్టి కుండీ గోడలు నీటిని ఆవిరి చేస్తూ వేర్లను గాలి కంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంచగలవు. ప్లాస్టిక్ కుండీకి ఆ గుణం లేదు. మట్టి కుండీని తడి ఇసుక పళ్లెంలో నిలబెడితే ఇంకా మంచిది.

మన కొండల మొక్కలు

తెలుగు నేలకు ఆర్కిడ్లు పరాయివి కావు. 1781 నుంచి సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కల బొమ్మలు గీయించిన విలియం రాక్స్‌బరో, 1795లో వెలువడిన తన గ్రంథం మొదటి సంపుటంలో గళ్ల గళ్ల రేకులున్న ఒక ఆర్కిడ్‌ను లోకానికి పరిచయం చేశాడు. ఇప్పుడు దాని పేరు వాండా టెస్సెల్లాటా. మామిడి తోపుల్లో, మైదానపు చెట్ల మీద 40 డిగ్రీల ఎండల్లోనే సువాసనతో పూసే మొక్క ఇది. చెట్టు రసం పీల్చేస్తుందనుకుని పల్లెల్లో దీన్ని పీకి పారేస్తుంటారు. నిజానికి అది కొమ్మను పట్టుకుని కూర్చుంటుంది, అంతే. చెట్టు నుంచి తిండి తీసుకోదు.

తూర్పు కనుమల్లో ఒక సింబిడియం కూడా ఉంది. సింబిడియం అలోయిఫోలియం. పట్టీల్లాంటి దళసరి ఆకులు, కిందికి వేలాడే పూల గుత్తులు. హిమాలయ బంధువులు మొగ్గలు రాల్చే వేసవిలోనే అది పూస్తుంది. సింబిడియం ఎన్సిఫోలియం అనే మరో వేడి జాతిని పెద్ద పూల రకాలతో కలిపి పుట్టించిన సంకరాలు ఇప్పుడు నర్సరీల్లో దొరుకుతున్నాయి. వాటిలో గోల్డెన్ ఎల్ఫ్ పేరున్నది. పసుపు పూలు, మంచి వాసన, వెచ్చటి రాత్రుల్లోనూ కాడ వేసే గుణం. సింబిడియం మీద మనసున్న హైదరాబాదీ మొదట కొనవలసినది అదే అనిపిస్తుంది.

కొనేటప్పుడు అడగవలసిన ప్రశ్నలు రెండు. మొక్క పేరు, సంకరమైతే తల్లిదండ్రుల పేర్లు ఏమిటన్నది మొదటిది. పేరు తెలిస్తే అది ఏ ఎత్తున పుట్టిందో, రాత్రికి ఎంత చలి కోరుతుందో ఎవరైనా చూసుకోగలరు. ల్యాబ్‌లో పెంచినదా, అడవి నుంచి తెచ్చినదా అన్నది రెండోది. ఆర్కిడ్లన్నీ అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ కిందే ఉన్నాయి. విత్తనంలో నిల్వ ఆహారం లేక, తగిన బూజు తోడు దొరికితే గానీ మొలకెత్తని మొక్క ఇది. అడవిలో ఒక కొమ్మ నుంచి పీకిన దుబ్బు స్థానంలో మరొకటి పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది. అరకు, అనంతగిరి దారుల్లో చెట్టు నుంచి ఊడదీసిన మొక్కను ఎవరైనా చేతికిస్తే తీసుకోకూడదు. అలా తెచ్చినవి వేర్లు తెగి ఉంటాయి, హైదరాబాద్ చేరాక వాటిలో ఎక్కువ భాగం బతకవు కూడా.